కళాశాలను చూచివచ్చితిమి

మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు పట్టణమున మా అమ్మాయి యింట నున్న దినములలో తెనాలినుండి మా అక్కయ్య టెలిఫోనులో నొక పని యప్పగించినది. ఆమె మనుమడు ఇంజనీరింగు పరీక్ష ముగించి యాఱు నెలలైనది. విజయవాడలోని కన్సల్టెన్సీవా రొకరు వానికి కాలిఫోర్నియాలోనే యొక కళాశాలయందు ఎం.ఎస్. చదువునకు సీటు తెప్పించిరి. ప్రవేశపత్రము వచ్చినది. ఇరువది దినములలో ఫీజులో మొదటి భాగము కట్టవలెను. దుగ్గిరాల దారిలో పసుపు పండు నెకరమున్నర భూమిని బ్యాంకువారికి తాకట్టు పెట్టుటకు కాగితము లన్నియు వ్రాసి సిద్ధపఱచినారు. అక్కయ్య సంతకము మాత్రము మిగిలియున్నది.

“నువ్వక్కడే ఉన్నావు కదే! బావిలో దిగేముందు లోతు చూసుకోవద్దూ? ఒక్కసారి పోయి చూసిరా. ఆ బొమ్మల్లో ఉన్నట్టే ఉందో లేదో చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను” అని యామె యనినది.

బొమ్మలను మనుమడే పంపియుండెను. పచ్చని పచ్చిక బయలు. కమానులు గల పొడవైన వసారా. వెనుక నొక సరస్సు. చెట్టు క్రింద దేశదేశముల పిల్లలు నవ్వుచు గూర్చుండియున్నారు. బొమ్మల క్రింద రెండు మాటలు పెద్ద యక్షరములతో నున్నవి. ఒకటి, నూటికి నూఱుపాళ్లు ఉద్యోగము. రెండవది, చేరిన మొదటి దినమునుండియే పనిచేయుట కనుమతి. కళాశాల పేరును, ఊరి పేరును మే మిచ్చట వ్రాయము. ప్లెజంటను పట్టణపు చుట్టుప్రక్కల నున్నదని మాత్రము చెప్పుదుము. ఎందుకు వ్రాయమో ముందు తెలియగలదు.

శనివారము మా అమ్మాయికి సెలవు. ఆమెయు, మేమును, మా వారును ఉదయమున తొమ్మిదింటికి ఫ్రీమాంటు స్టేషనులో రైలెక్కితిమి. ఈ రైలును ఇచ్చటివారు బార్టు అందురు. ఇది పట్టణములనుబట్టి కొంతదూరము నేలమీదను, కొంతదూరము వంతెనలమీదను, కొంతదూరము భూమిలోపలను పోవును. మేము పోవు దారి చాలవఱకు భూమిపైననే పోవును గనుక కిటికీలోనుండి చూచుటకు వీలైనది. యూనియను సిటీ దాటినది, ఆపైన హేవర్డు. కుడిచేతి ప్రక్క కొండమీద నచ్చటి రాష్ట్ర విశ్వవిద్యాలయపు కట్టడములు కనబడినవి. వానిలో నొక యెత్తైన మేడ యుండెడిదనియు, నది భూకంపములు పుట్టు పగులుదారికి మిక్కిలి చేరువగా నున్నదని తేలినందున 2013వ సంవత్సరమున మందుగుండు పెట్టి తామే కూలగొట్టిరనియు మా అమ్మాయి చెప్పినది. చుట్టుప్రక్కల యూళ్లవారు దానిని జూచియే దిక్కు తెలిసికొనెడివారట.

ఈ హేవర్డులోనే మఱియొక విద్యాలయముయొక్క శాఖ యుండెడిది. దాని కథ మే మిచ్చటికి వచ్చిన తరువాత నేర్చుకొన్నాము. సోదరీమణులు దీనిని తప్పక వినవలెను. హీల్డు కాలేజీ యను పేరు గల యీ విద్యాలయము 1863లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వర్తకపు చదువు చెప్పుటకై పుట్టినది. నూటయేబదేండ్ల పేరు. కొండంత పరపతి. తుదకు కొరింథియను అను నొక పెద్ద వ్యాపారసంస్థ దానిని కొనినది. ఆ సంస్థకు దేశమంతట కళాశాలలుండెడివి. అచ్చట చేరువారిలో పలువురు పేదలు, బిడ్డలను పెంచుకొనుచు నొంటరిగా బ్రతుకు తల్లులు, తమ యింట మొట్టమొదట కళాశాల గడప త్రొక్కినవారు. వారికి ప్రభుత్వమే ఋణ మిచ్చును. ఆ ఋణము ఫీజు రూపమున సంస్థకు చేరును. చదివినవారికి ఉద్యోగములు దొరకినను దొరకకున్నను సంస్థకు రావలసినది వచ్చును. ఇక దొరకినవని చెప్పుకొనుటయే మిగిలినది.

ఎట్లు చెప్పుకొనిరో ప్రభుత్వ విద్యాశాఖవారు విచారించి వెల్లడి చేసిరి. తాత్కాలికముగా మనుష్యులను కుదుర్చు సంస్థలకు కాలేజీవారే సొమ్మిచ్చి, తమ పట్టభద్రులను తమ యావరణలోనే రెండు దినములు కంప్యూటరులు మోయుటకో తీగలు సర్దుటకో పెట్టించి, వారిని ‘ఉద్యోగము పొందినవారు’ అని లెక్క వ్రాసిరి. లెక్కల శాస్త్రము చదివిన యొక యువతి యంతకు కొన్ని యేండ్లకు ముందే యొక ఫలాహారశాలలో పనికి గుదిరియుండగా, ఆ పనినే తమ చదువు తెచ్చిపెట్టిన యుద్యోగముగా చూపిరి. ఇట్టి తప్పుడు లెక్కలు 947 అని తేల్చి, 2015 ఏప్రిలు 14వ తేదీని దాదాపు మూడు కోట్ల డాలర్ల జరిమానా వేసిరి. ఆ నెల ముగియకముందే సంస్థ మిగిలిన 28 శాఖలకును తాళము వేసినది. ఇంచుమించు పదునాఱువేలమంది విద్యార్థులు నడివీథిని నిలిచిరి. ఏడేండ్ల తరువాత, 2022 జూనులో, ఆ సంస్థయందు చదివిన 5,60,000 మంది ఋణములను, అనగా 580 కోట్ల డాలర్లను, ప్రభుత్వము రద్దు చేసినది.

“చివరకు న్యాయము జరిగినదే” అని మా వారనిరి. జరిగినది, కాని యొక మాట. రద్దయినది ప్రభుత్వ మిచ్చిన ఋణము. మన దేశమునుండి పోవు పిల్లలకు అమెరికా ప్రభుత్వము ఋణమే యీయదు. వారి ఋణము తెనాలి బ్యాంకులో నుండును, పసుపు చేనిమీద నుండును, తల్లి మెడలోని గొలుసుమీద నుండును. దానిని రద్దు చేయువా రెవరు?

బేఫేరు అను స్టేషనులో దిగి వేఱు బండి యెక్కితిమి. అచ్చటనుండి దారి తూర్పునకు తిరిగి కొండలలో ప్రవేశించును. బండి పెద్ద రాజమార్గపు నడుమనే పోవును. ఇరుప్రక్కల మోటారులు నదులవలె ప్రవహించుచుండును. వేసవియగుటచే కొండల మీది గడ్డి యంతయు నెండి, నూర్చిన కళ్లములో గడ్డివాములు వరుసగా పేర్చినట్లున్నది. నడుమ నడుమ నల్లని యోకు చెట్లు. మన కన్నులకు పచ్చదనము లేని కొండ బీడుగా తోచును గాని యిచ్చటివారు దీనిని బంగారు కొండలందురు. చలికాలపు వానలకు మరల పచ్చబడునట. కొండలు దాటగానే విశాలమైన లోయ కనబడును. లివర్మోరు, అమడోరు, శాన్‌రమోను అను మూడు లోయ లిచ్చట కలిసినవి. అందుచే ఈ ప్రదేశమంతటిని త్రిలోయ యను నర్థమిచ్చు ‘ట్రైవ్యాలీ’ యని పిలుతురు.

ఆ పేరు వినగానే చదువరులలో కొందఱి గుండె యుల్కిపడును. మన జిల్లాలలో 2011 సంక్రాంతి వెళ్లిన వారము ఎవరును మఱచియుండరు.

మేము తిన్నగా మేము చూడవలసిన కళాశాలకు పోక, మొదట ప్లెజంటనులోనే కొంతసేపు తిరిగితిమి. కళాశాలలో తరగతి పదునొకండు గంటలకని తెలిసినది. ప్రధానవీథి చిన్నది, ముచ్చటైనది. వీథికి అడ్డముగా ఊరి పేరు వ్రాసిన కమాను కలదు. దానిని 1932లో ఈ యూరి స్త్రీల యభ్యుదయ సంఘమువారు పూనుకొని పెట్టించిరని విని సంతోషించితిమి. 1914లో కట్టిన పురపాలక భవనము నేడొక చిన్న ప్రదర్శనశాల. ఇంకొక వింత: ఈ యూరికి ప్లెజంటను అను సేనాపతి పేరు పెట్టదలచిరట, వ్రాయసకాని చేతిలో ఒక యక్షరము మాఱి, ఆ తప్పే స్థిరపడి, ‘ఆహ్లాదము’ అను మాట దానిలో చేరినది. కాగితముమీద నొక్క యక్షరము తప్పిన నెంత మాఱునో!

ఊరి యంచున స్టోన్‌రిడ్జి వీథి యను పేరుగల వెడల్పైన బాట యొకటి కలదు. చెట్లు, మోటారులు నిలుపు స్థలములు, ఒకే మచ్చున నున్న కార్యాలయ భవనములు. వీనిలో నొకదానియందు 2008లో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమని యొక స్త్రీ యొక సంస్థను స్థాపించినది. 2009 ఫిబ్రవరిలో విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు ప్రభుత్వముచే ననుమతి పొందినది. ఆ మే నెలలో విద్యార్థులు పదునొకండుగురు; మఱుసటి మే నెలకు 939 మంది; ఆ సంవత్సరము ముగియుసరికి పదునైదువందలకు పైగా. వారిలో నూటికి తొంబదియైదుగురికి మించి భారతీయులు. అందునను మనవారే హెచ్చు. ఒక్కొక్క విడతకు ఫీజు 2,700 డాలర్లు. తరగతులకు రానక్కఱలేదు. ఒక విద్యార్థి యింకొకని చేర్చినచో వాని ఫీజులో ఇరువదవపాలు, కాదు కాదు, నూటికి ఇరువదివఱకు వీనికి ముట్టును. ప్రభుత్వమునకు తెలిపిన చిరునామాలలో అయిదువందల యేబదిమందికి పైగా సన్నీవేలు పట్టణములోని యొకే యింటి వాటాలో కాపురమున్నట్లు వ్రాయబడినది! ఆ యింటిలో నెన్ని గదులో యెవరైన నడిగియుండిన నచ్చటనే గుట్టు బయటపడియుండెడిది.

2011 జనవరి 19వ తేదీని అధికారులు వచ్చి కార్యాలయమును శోధించిరి. పిల్లల వీసాలు పోయినవి. కొందఱి కాళ్లకు వారెక్కడ నున్నారో తెలియజేయు యంత్రపు కడియములు తొడిగిరి. మన ప్రభుత్వము దానిని తీవ్రముగా నాక్షేపించినది. ఇచ్చట తెనాలిలో, ఖమ్మములో, కరీంనగరులో తల్లులు ఆ కడియముల బొమ్మలను పత్రికలలో చూచి యేడ్చిరి. స్థాపకురాలిని 2014లో న్యాయస్థానమువారు దోషిగా నిర్ణయించి, పదునాఱున్నర సంవత్సరముల చెఱయు, 56 లక్షల డాలర్ల జప్తును విధించిరి.

పిల్లలందఱును అమాయకులని మేమనము. చదువు నెపమున పనికే పోయినవా రుందురు. కాని పలువురు మోసపోయిన విధము మనము తెలిసికొనవలసినది. ‘ప్రభుత్వపు పట్టికలో పేరున్నది గదా’ అని నమ్మిరి. ఆ పట్టిక వీసా కాగితము లిచ్చుట కనుమతి గల పాఠశాలల పట్టిక. చదువు మంచిదని చెప్పు పట్టిక కాదు. చదువును పరీక్షించి గుర్తింపు నిచ్చు సంఘములు వేఱు. వంట చేయుటకు పొయ్యి యున్నదని చెప్పుట వేఱు, వంట బాగున్నదని చెప్పుట వేఱు గదా! ట్రైవ్యాలీకి మొదటిది యుండెను, రెండవది లేదు. ఇది తెలిసికొన్నను పూర్ణరక్షణ లేదనుటకు మఱియొక కథ కలదు. మిషిగను రాష్ట్రములో ఫార్మింగ్టను విశ్వవిద్యాలయ మని యొకటి యుండెడిది. దానిని నడపినది ప్రభుత్వపు వలస శాఖవారే. మోసగాండ్రను పట్టుటకై పన్నిన వల యది. అధికారుల కోరికపై గుర్తింపు సంఘమువారు కూడ దానిని తమ పట్టికలో చేర్చిరి. 2019 జనవరిలో గుట్టు విప్పి, విద్యార్థులను చేర్చిపెట్టిన యెనమండుగురిని పట్టుకొనిరి. అందులో చేరిన ఆఱువందలమందిలోను మన తెలుగు పిల్లలే యధికము. ఆ పని న్యాయమేనా యని నేటికిని వాదము కలదు. మాకైతే న్యాయముగా తోచలేదు.

పదునొకండగునప్పటికి మా గమ్యస్థానము చేరితిమి. సరస్సు లేదు. కమానుల వసారా లేదు. రెండంతస్తుల కార్యాలయ భవనము, క్రింద నొక దంతవైద్యుడు, నొక భీమా కంపెనీ, మీద కళాశాల. మోటారులు నిలుపు చోట నాలుగు మొక్కలు. మెట్లెక్కి పోగా నొక యువతి మర్యాదగా నాహ్వానించి కూర్చుండుడనినది. గోడమీద సరస్సు బొమ్మ మాత్రము వ్రేలాడుచున్నది! మా వారు దానిని చూచి మావంక చూచిరి. మేము నవ్వు నాపుకొంటిమి.

వచ్చిన పని చెప్పితిమి. ఆమె విసుగుకొనక తరగతి గదులు చూపినది. మూడు గదులు, ఒక్కొక్కదానిలో ఇరువదేసి కుర్చీలు. గ్రంథాలయమని రెండు బీరువాలు, ఆఱు కంప్యూటరులు. ఒక గదిలో ఉపాధ్యాయు డొకడు చక్కగానే పాఠము చెప్పుచున్నాడు.

ఇచ్చట మా అమ్మాయి ముందుగా తెలిసికొనియుంచిన యొక సంగతి మాకెంతయో నుపకరించినది. కాలిఫోర్నియా రాష్ట్రములో ప్రైవేటు కళాశాలల విషయమై 2009లో నొక చట్టము చేసి 2010 జనవరినుండి నడపుచున్నారు. దానినిబట్టి, విద్యార్థిచేత చేరికపత్రముమీద సంతకము చేయించుకొనుటకు ముందే కళాశాలవారొక వివరపత్రము వాని చేతికీయవలెను. ఎందఱు చేరిరి, ఎందఱు గడువులోపల ముగించిరి, ఎందఱికి ఆ చదువునకు తగిన యుద్యోగము దొరకినది, జీత మెంత, ఈ లెక్క లన్నియు దానిలో నుండవలెను. విద్యార్థి చదివితినని పొడి యక్షరములు, తేదీ వేయవలెను. ఉద్యోగ మిప్పింతుమని మాట యిచ్చుటయే ఆ చట్టప్రకారము నిషిద్ధము. చేరిన తరువాతను, మొదటి తరగతి జరుగువఱకో యేడవ దినమువఱకో, రెంటిలో నేది యాలస్యమో యంతవఱకు మానుకొన్నచో, దరఖాస్తు రుసుమని 250 డాలర్లకు మించకుండ నిలుపుకొని తక్కినది తిరిగి యిచ్చివేయవలెను.

ఆ వివరపత్రము నడిగితిమి. యువతి వెంటనే తీసి యిచ్చినది. దానిలో మా మనుమడు చేరదలచిన చదువునకు ఎదురుగా, ఈ చదువు క్రొత్తది గనుక ముగించినవారి లెక్కలు, ఉద్యోగముల లెక్కలు లేవని స్పష్టముగా నచ్చువేసియున్నది. నూటికి నూఱన్న మాట యెక్కడిది? ఒక్కడైనను చదివి బయటకు రాలేదు!

విజయవాడ కరపత్రమును ఆమెకు చూపితిమి. ఆమె చాలసేపు చూచి, “ఇది మేము అచ్చువేయించినది కాదు. ఈ సరస్సు కూడ మాది కాదు, గోడమీది బొమ్మ యలంకారము కొఱకు కొన్నది” అనినది. మఱి యెవరు వేసిరని యడిగితిమి. విదేశములలో తమకు ప్రతినిధులు కలరని, వారి మాటల విషయము పైయధికారులను వ్రాసి యడుగవలెనని చెప్పినది. గుర్తింపు సంగతి యడుగగా, దరఖాస్తు పెట్టియున్నామని, అంతవఱకు రాష్ట్రమువారి తాత్కాలికానుమతి కలదని చెప్పినది. ఆమె మాటలలో నబద్ధము మాకు కనబడలేదు. అందుచేతనే కళాశాల పేరు వ్రాయలేదు. చిన్న విద్యాలయ మగుట నేరము కాదు. క్రొత్తదగుట నేరము కాదు. అది చెప్పని మాటను ఏడుసముద్రముల కావల వేఱొకడు దానిపేర చెప్పుచున్నాడు.

దిగి వచ్చుచుండగా లిఫ్టువద్ద నొక కుఱ్ఱవాడు మా తెలుగు విని నిలబడెను. “మీరు తెలుగువారా అమ్మా?” అనెను. ఖమ్మము ప్రాంతమువాడు. పేరు వ్రాయవద్దని కోరినాడు. తాను వేఱు రాష్ట్రములో పనిచేయుచు, నెలకొక శనివారము విమానములో వచ్చి తరగతిలో గూర్చుండి మరల పోవుచున్నాడు. మొదటి దినమునుండి పని యనుమతి యన్న మాటకు అర్థ మిది. మామూలుగా విదేశీ విద్యార్థి మొదటి సంవత్సరము నిండ చదివినగాని యిట్టి పని యనుమతి రాదు. పై చదువులలో, చదువుకే పని యావశ్యకమైన చోట మాత్రమే యది మొదట నుండవచ్చును. ఆ సందులోనుండి కొన్ని కళాశాలలు బండిని తోలుచున్నవి. అధికారులు సరియే యనినంతకాలము సరియే. కాదనిన నాడు కష్టము పిల్లవానిది.

“మా మనుమని రమ్మందుమా నాయనా?” అని యడిగితిమి. “రమ్మనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను” అని, కొంచె మాగి, తాను చేర్చిన యిద్దఱికిగాను తనకు ఫీజులో తగ్గింపు వచ్చినదని తలవంచుకొని చెప్పెను. ఇంటికి భోజనమునకు రమ్మన్నాము. విమానపు వేళ యగుచున్నదని వెళ్లిపోయెను.

సాయంకాలము లివర్మోరు దేవాలయమునకు పోయితిమి. శివుడును విష్ణువును ఒకే గుడిలో వెలసియున్నారు. కొబ్బరికాయ వాసన, తెలుగు మాటలు, పరుగెత్తు పిల్లలు. మంటపములో గూర్చుండి మా వారును అమ్మాయియు మఱియొక చట్టపు సంగతి మాటలాడుకొనిరి. అది విన్నప్పటినుండి మాకు మనసు నిలువలేదు.

అమెరికాలో ప్రభుత్వ ఋణములు పొందు కళాశాలలు చదువు స్వభావమును గుఱించి గాని, ఖర్చును గుఱించి గాని, రాబోవు నుద్యోగమును గుఱించి గాని తప్పుదారి పట్టించు మాట చెప్పరాదు. తాము నియమించిన ప్రచారకులు చెప్పినను బాధ్యత కళాశాలదే. అంతియకాదు. విద్యార్థులను చేర్చు నుద్యోగికి తలకింత యని కమీషను నిచ్చుట 1992నుండి నిషేధము. తలకింత దొరకినచో వాడు మనిషిని చూడడు, తలను మాత్రమే లెక్కించునని వారు గ్రహించిరి. చాల మంచి శాసనము. కాని దానిలోనే యొక వాక్యము కలదు: విదేశములలో నుండి, ప్రభుత్వ ఋణమునకు అర్హతలేని విదేశీ విద్యార్థులను చేర్చు విషయమున నీ నిషేధము వర్తింపదు. అనగా తమ పిల్లల తలకు వెలకట్టరాదు. మన పిల్లల తలకు కట్టవచ్చును! చట్టము వ్రాసినవారి దృష్టిలో నది తమ ఖజానాను కాపాడుకొనుట. మన ఖజానా తెనాలిలో నున్నదని వారి కెట్లు తెలియును?

మన దేశమున చట్టములు లేవా యనిన, కలవు. 1956 నాటి యూజీసీ చట్టము, అధికారము లేనివారు పట్టా లిచ్చినను, విశ్వవిద్యాలయ మని పేరు పెట్టుకొన్నను శిక్షార్హులనినది. ఆ శిక్ష యేమి? వేయి రూపాయలవఱకు జరిమానా! 2019 వినియోగదారుల రక్షణచట్టము వచ్చిన పిదప తప్పుడు ప్రకటనలకు పదిలక్షలవఱకు దండుగ వేయవచ్చును. 2024 నవంబరులో కోచింగు కేంద్రముల ప్రకటనలకు ప్రత్యేక నియమములు చేసిరి. నూటికి నూఱు ఫలితమని చెప్పుట, నెగ్గిన పిల్లల బొమ్మలను వారి సమ్మతి లేక వేయుట తగదని వానిలో నున్నది. వీథి మలుపుల బోర్డులు చూచినచో నీ నియమము లెంత యవసరమో తెలియును.

ఇంటికి వచ్చి అక్కయ్యతో మాటలాడితిమి. సరస్సు లేదని చెప్పితిమి. వివరపత్రములోని మాట చదివి వినిపించితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. “సంతకం పెట్టను. కాని వాడితో నువ్వే చెప్పవే, నావల్ల కాదు” అనినది.

వాడు కోపించెను. వాని స్నేహితులు నలుగురు ప్రయాణమునకు పెట్టెలు సర్దుకొనుచున్నారు. “మీరంతా వెళ్లొచ్చినవాళ్లే, నేను మాత్రం వద్దా చిన్నమ్మమ్మా?” అనెను. దానికి మేము చెప్పగల జవాబు లేకపోయెను. వద్దనలేదు, తలుపు చూచి లోపలికి పొమ్మంటిమి. కమీషను పుచ్చుకొనక సలహా చెప్పు ఎడ్యుకేషన్ యు.ఎస్.ఏ. యను కేంద్రములు అమెరికా ప్రభుత్వపు విదేశాంగశాఖవారివి మన దేశమునందును కలవని చెప్పితిమి. విన్నాడో లేదో తెలియదు. పదిదినములు మాటలాడలేదు. కన్సల్టెన్సీవారు దరఖాస్తుల ఖర్చు తిరిగి యీయమనిరని అక్కయ్య ద్వారా తెలిసినది.

నిన్న రాత్రి వానివద్దనుండి సందేశము వచ్చినది. “చిన్నమ్మమ్మా, ఆ లెక్కల కాగితం ఏ కాలేజీనైనా అడగవచ్చా?” అని యడిగి, మూడు కళాశాలల పేర్లు పంపినాడు. మా అమ్మాయి కంప్యూటరు ముందు గూర్చుండి వానిని గుఱించి వెదకుచున్నది. రెండవ పేరు హేవర్డు కొండమీద మేము రైలులోనుండి చూచిన విశ్వవిద్యాలయముది.